పాత ఫియట్‌కు నమ్మకమైన ఉస్తాద్

హైదరాబాద్‌లో దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఇప్పటికీ అక్కడక్కడా కవరు కప్పిన ఫియట్ కనిపిస్తుంది. 1964లో బొంబాయి ప్రీమియర్ కంపెనీ 1100 డిలైట్‌గా మొదలుపెట్టి, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్మిన కారు. సంసారపక్షం బండే అయినా, మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లో పదును పెట్టిన ఫియట్లు దూసుకుపోయిన రోజులున్నాయి. మనసుపడి ఉంచుకున్నవాళ్ళకు అదే స్పోర్ట్స్ కారు. తయారీ ఆగి 20 ఏళ్ళు దాటింది. ఇక దానికి దిక్కు మన మెకానిక్ ఉస్తాద్‌లే.

పాత ఫియట్‌ను బాగుచేసే పని ఒక్క షాపులో తెమిలేది కాదు. ఇంజన్ విప్పేది ఒకరు, సిలిండర్ బోరింగ్ లేత్ షాపువాళ్ళు, రేడియేటర్, డెంటింగ్, పెయింటింగ్ తలా ఒకరు. సామానుకు కోఠీ పక్కన పుత్లీబౌలి, లేదంటే ట్యాంక్‌బండ్ దాటి రాణిగంజ్. అందుకే ఉస్తాద్ పనితనంతో పాటు ఎవరి దగ్గరికి పంపుతాడో కూడా చూస్తాను. బోరింగ్ ఫలానా చోటే చేయించాలని పట్టుబట్టేవాణ్ణి నమ్మవచ్చు. అన్నీ నేనే చేసేస్తాననేవాడి దగ్గర జాగ్రత్త.

ట్యూనింగ్ మాత్రం పక్కన నిలబడి చూడాల్సిందే. ముందు ప్లగ్గులు విప్పి రంగు చూస్తాడు. లేత గోధుమరంగులో ఉంటే గాలి, పెట్రోలు పాళ్ళు కుదిరినట్టు. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కుతోందన్నమాట. తర్వాత ట్యాపెట్లు. రాకరుకూ వాల్వుకూ మధ్య ఫీలర్ గేజి రేకు దూర్చి, స్క్రూ తిప్పుతూ రేకును లాగి చూస్తాడు. వదులుగా జారకూడదు, పట్టేయకూడదు, సన్నగా ఒరుసుకుంటూ రావాలి. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్‌నట్ బిగించి, మళ్ళీ ఒకసారి రేకు లాగుతాడు. ఆ రెండోసారి చూడటంలోనే ఉంది పనితనమంతా. బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా సందు మారిపోతుంది. ఎక్కువైతే టకటకమని చప్పుడు, తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. చప్పుడే లేని ఇంజన్ చూసి మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డెంటింగ్ అయ్యాక పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోని చోట రేకు మీద పుట్టీ మందంగా మెత్తినట్టే.

కొత్త హంగుల విషయంలో నాది కాస్త పట్టుదల. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడం సబబే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు దెబ్బతింటాయి కాబట్టి, దాన్ని తట్టుకునేవి వేయించి తీరాలి. ఇంజనే మార్చేద్దామంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి. పైగా 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ రావాలంటే దాని అసలు రూపం చెడకూడదు.

కొత్త ఉస్తాద్‌కు మొదటే ఇంజన్ అప్పగించకండి. ట్యూనింగ్ ఇచ్చి చూడండి. మార్చిన పాత సామాను అడక్కుండానే తెచ్చి చేతిలో పెడితే మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళండి. లేబర్ దగ్గర మాత్రం బేరమాడకండి.