‘ఒత్తిడి హార్మోను’ అనే పేరు: గానపక్షుల ఋతుసంతానోత్పత్తి అధ్యయనాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

స్వేచ్ఛగా బతికే గానపక్షుల సంతానోత్పత్తి ఋతువుకూ, వాటి రక్తంలోని హార్మోన్లకూ ఉన్న సంబంధాన్ని గత అర్ధశతాబ్దపు క్షేత్రపరిశోధన చాలావరకు వెలికితీసింది. ఆ పరిశోధన అందించిన రెండు ప్రధాన భావనలను, అంటే 1990 నాటి ‘సవాలు పరికల్పన’నూ 1998 నాటి ‘అత్యవసర జీవనదశ’నూ, ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను దూకుడు హార్మోనుగా, కార్టికోస్టెరాన్‌ను ఒత్తిడి హార్మోనుగా పిలవడం వల్ల పరిశోధన చెప్పినదానికి భిన్నమైన అర్థం చదువరికి చేరుతోందనీ, తెలుగులో ఆ ప్రమాదం మరింత ఎక్కువనీ ఇందులోని వాదం.

కీలకపదాలు: గానపక్షులు, కార్టికోస్టెరాన్, టెస్టోస్టెరాన్, కాంతికాలావధి, గిజిగాడు, పారిభాషిక పదజాలం

1. ఉపోద్ఘాతం

శాస్త్రంలో ఒక పదార్థానికి పెట్టిన పేరు ఆ పదార్థం గురించిన తొలి వ్యాఖ్యానం కూడా అవుతుంది. వ్యాఖ్యానం తప్పని తేలిన తరువాత కూడా పేరు మిగిలిపోతుంది. పేరుతోపాటు తప్పు కూడా మిగిలిపోతుంది. హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికకు రాసిన చిన్న లేఖలో, రకరకాల హానికారకాలకు ఎలుకల శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందని చెప్పారు. ఆ స్పందనలో అడ్రినల్ గ్రంథికి ప్రధానపాత్ర ఉంది. తరువాతి కాలంలో ‘స్ట్రెస్’ అనే మాటను జీవశాస్త్రంలో స్థిరపరచినవారు కూడా ఆయనే. అడ్రినల్ స్రవించే స్టెరాయిడ్లకు ఆ మాట అలా అంటుకుంది. పక్షుల్లో ఆ స్టెరాయిడ్ కార్టికోస్టెరాన్.

ప్రయోగశాలలోని ఎలుక నుంచి పుట్టిన ఈ పేరు బయట గూడు కట్టుకొనే పక్షికి ఎంతవరకు సరిపోతుంది? ఈ ప్రశ్న కేవలం పదాలకు సంబంధించినది కాదు. ఒక ఆవాసం పక్షులకు అనుకూలంగా ఉందో లేదో తేల్చడానికి నేడు కార్టికోస్టెరాన్ స్థాయిని కొలమానంగా వాడుతున్నారు. కొలమానం పేరులోనే తీర్పు ఇమిడి ఉంటే, ఫలితాన్ని చదవకముందే నిర్ణయం జరిగిపోతుంది.

2. వెలుతురు నుంచి రక్తనమూనా దాకా

ఋతువుకూ సంతానోత్పత్తికీ నడుమ ఉన్న లంకెను ప్రయోగంతో చూపినవారిలో విలియం రోవన్ ముఖ్యులు. కెనడాలోని ఎడ్మంటన్‌లో 1920ల మధ్యకాలంలో, గడ్డకట్టే చలిలో, ఆరుబయటి పంజరాల్లో ఉంచిన జుంకో పక్షులకు ఆయన విద్యుద్దీపాలతో పగటి నిడివిని పెంచారు. నడిశీతాకాలంలోనే వాటి వృషణాలు వసంతకాలంలో మాదిరిగా పెరిగాయి. ఋతువు వచ్చిందని పక్షికి చెప్పే ముఖ్యసంకేతం వెచ్చదనం కాదు, పగటి నిడివి అని దీనివల్ల తేలింది. 1925లో ‘నేచర్’లో వెలువడిన ఈ ఫలితంతో పక్షుల కాంతికాలావధి అధ్యయనం ఊపందుకుంది.

అయితే పగటి నిడివి ఏటా ఒకేలా పెరుగుతుంది. వాతావరణం మాత్రం ఏ రెండేళ్లూ ఒకేలా ఉండదు. పక్షి శరీరాన్ని సిద్ధం చేసేది వెలుతురే అయినా, ఫలానా రోజున గుడ్డు పెట్టాలా, పెట్టిన గుడ్డును వదిలేయాలా అన్నది ఆహారం, వర్షం, జతపక్షి, పొరుగు మగపక్షి వంటి అంశాలపై ఆధారపడుతుంది. వీటిని ప్రయోగశాలలో చూడడం కష్టం. జాన్ వింగ్‌ఫీల్డ్, డోనాల్డ్ ఫార్నర్ 1970లలో వైట్ క్రౌన్డ్ స్పారో పక్షులను సన్నని వలలతో పట్టి, రెక్కసిర నుంచి కొద్దిపాటి రక్తం తీసి, తిరిగి వదిలిపెట్టే పద్ధతిని రూపొందించారు. పక్షిని చంపకుండానే, దాని జీవితం దాని చోటనే సాగుతుండగా, హార్మోన్లను అంచనా వేయడం దీనితో సాధ్యమైంది. ఈ వ్యాసం పరిశీలించే రెండు భావనలకూ పునాది ఈ పద్ధతే.

3. సవాలు పరికల్పన: బలం, పరిమితి

మగపక్షిలో టెస్టోస్టెరాన్ ఎక్కువైతే దూకుడు ఎక్కువవుతుందన్నది పాత నమ్మకం. సాంగ్ స్పారో మగపక్షి హద్దులో మరో మగపక్షి చొరబాటును అనుకరిస్తూ పాటను వినిపించినప్పుడు, దాని రక్తంలో టెస్టోస్టెరాన్ పెరుగుతుందని వింగ్‌ఫీల్డ్ 1985లో చూపారు. అంటే హార్మోను వల్ల పోరు వస్తుందన్న దిశ ఒక్కటే కాదు, పోరు వల్ల హార్మోను పెరిగే దిశ కూడా ఉంది. వింగ్‌ఫీల్డ్, హెగ్నర్, డఫ్టీ, బాల్ కలిసి 1990లో ‘ది అమెరికన్ నేచురలిస్ట్’లో ప్రతిపాదించిన సవాలు పరికల్పన ఈ పరిశీలనను విస్తరించింది. సంతానోత్పత్తికి కావలసిన మేరకు టెస్టోస్టెరాన్ ఋతువును బట్టి పెరుగుతుంది. అంతకుమించిన పెరుగుదల ప్రత్యర్థి ఎదురైనప్పుడు మాత్రమే వస్తుంది. పిల్లలను సాకే మగపక్షిలో ఆ స్థాయి తగ్గాలి.

చివరి మాటకు బలమైన ఆధారం మనకు సుపరిచితమైన ఊరపిచ్చుకలోనే దొరికింది. హెగ్నర్, వింగ్‌ఫీల్డ్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో, టెస్టోస్టెరాన్ గొట్టాలను చర్మం కింద అమర్చిన మగపిచ్చుకలు పిల్లలకు మేత తేవడం తగ్గించాయి. గూడు దాటి ఎగిరిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. రోవన్ చేతిలో వెలుతురు రహస్యం చెప్పిన జుంకో పక్షి ఎలెన్ కెటర్సన్, వాల్ నోలన్‌ల అధ్యయనంలో మరో సంగతి చెప్పింది: ఇలా హార్మోను పెంచిన మగపక్షులు ఎక్కువగా పాడాయి, ఎక్కువ మేర తిరిగాయి, కాని తక్కువకాలం బతికాయి.

ఈ పరికల్పన గొప్పదనం హార్మోనును సందర్భంలో నిలబెట్టడం. దాని పరిమితి కూడా సందర్భంలోనే బయటపడింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఏడాది పొడవునా ఒకే చోట ఉండే సాంగ్ స్పారోలు శరదృతువులోనూ శీతాకాలంలోనూ తమ హద్దును గట్టిగా కాపాడుకుంటాయి. అప్పుడు వాటి రక్తంలో టెస్టోస్టెరాన్ అత్యల్పం. 2007లో గోయ్‌మన్, లాండిస్, వింగ్‌ఫీల్డ్ ఈ పరికల్పనను మళ్లీ పరిశీలించి, ఋతువుతో వచ్చే పెరుగుదలనూ ప్రత్యర్థి వల్ల వచ్చే పెరుగుదలనూ వేరుచేసి చూడాలన్నారు. చాలా జాతుల్లో రెండవది కనబడడం లేదని గుర్తించారు. ప్రతిపాదకుడే పునఃపరీక్షలో పాల్గొనడం ఈ రంగపు ఆరోగ్యానికి గుర్తు. అయినా పాఠాల్లో ఇప్పటికీ మిగిలింది ‘దూకుడు హార్మోను’ అనే పేరే.

4. కార్టికోస్టెరాన్: బాధకు గుర్తా, నిర్వహణకు సాధనమా?

వింగ్‌ఫీల్డ్ బృందం 1998లో వివరించిన ‘అత్యవసర జీవనదశ’ భావన ప్రకారం, అకాలపు తుఫాను వంటి ఊహించని ఆపద వచ్చినప్పుడు కార్టికోస్టెరాన్ పెరిగి, పక్షిని సంతానోత్పత్తి నుంచి తప్పించి, ఆత్మరక్షణ వైపు మళ్లిస్తుంది. పక్షి గూడు వదిలేయవచ్చు, మేత వెతుకులాట పెంచవచ్చు, ఆ చోటే విడిచిపోవచ్చు. ఆపద గడిస్తే మళ్లీ గూడు కట్టవచ్చు. జాగ్రత్తగా చదివితే ఈ వర్ణనలో హార్మోను జబ్బుకు గుర్తు కాదు. జబ్బు దాకా పోకుండా కాపాడే ఏర్పాటు. సెల్యే వారసత్వంగా వచ్చిన పేరు మాత్రం దీనికి వ్యతిరేకార్థాన్ని మోస్తుంది.

మూడు ఆధారాలు ఈ వైరుధ్యాన్ని స్పష్టం చేస్తాయి. మొదటిది ఋతుచక్రం. చాలా గానపక్షుల్లో కార్టికోస్టెరాన్ ప్రాథమిక స్థాయి సంతానోత్పత్తి కాలంలో ఎక్కువగా, ఈకలు మార్చుకొనే కాలంలో తక్కువగా ఉంటుంది. ఈ హార్మోను మాంసకృత్తులను కరిగించి శక్తిగా మార్చగలదు. ఈకలు మాంసకృత్తులతోనే తయారవుతాయి గనుక ఆ వేళ దాన్ని అణచి ఉంచడంలో అర్థం ఉంది. ‘ఒత్తిడి’ అన్న పేరునే నమ్మితే, గూడుకట్టి పిల్లలను సాకుతున్న పక్షి దుఃఖంలో ఉందనీ, ఈకలు రాలుతున్న పక్షి సుఖంగా ఉందనీ చెప్పవలసి వస్తుంది.

రెండవది సంతానఫలంతో సంబంధం. ప్రాథమిక స్థాయి ఎక్కువగా ఉన్న పక్షికి మనుగడ, సంతానఫలం తక్కువగా ఉంటాయన్న అంచనాను ఫ్రాన్సెస్ బోనియర్, సహపరిశోధకులు 2009లో సమీక్షించారు. ఫలితాలు ఒకే దిశలో లేవు: కొన్ని అధ్యయనాల్లో అంచనా నిజమైంది, కొన్నింటిలో తలకిందులైంది, కొన్నింటిలో సంబంధమే కనబడలేదు. ట్రీ స్వాలో పక్షుల్లో ఒకే ఋతువులోని వేర్వేరు దశల్లో ఈ సంబంధం దిశనే మార్చుకుంది. ఎక్కువ పిల్లలను సాకే తల్లికి ఎక్కువ శక్తి కావాలి. ఎక్కువ శక్తికి ఎక్కువ కార్టికోస్టెరాన్ కావచ్చు.

మూడవది స్పందనలోని ఎంపిక. వేసవి అతిస్వల్పంగా ఉండే ఆర్కిటిక్ ప్రాంతంలో గూడు కట్టే కొన్ని జాతుల్లో, సంతానోత్పత్తి వేళ అడ్రినల్ స్పందన మందగిస్తుంది. మళ్లీ గూడు కట్టడానికి వ్యవధి లేని పక్షికి చిన్న ఆపదకే గూడు వదలడం నష్టం. కనుక స్పందన తక్కువగా ఉన్నంత మాత్రాన ఆపద లేదని చెప్పలేం.

కొలిచే పద్ధతికీ పరిమితులున్నాయి. పక్షిని పట్టుకోవడమే దానికి పెద్ద ఆపద గనుక, ప్రాథమిక స్థాయి తెలియాలంటే సుమారు 3 నిమిషాల్లోపు రక్తం తీయాలి. ఆ తరువాత లభించే విలువ పక్షి జీవితాన్ని కాక, పరిశోధకుడి చేతిని కొలుస్తుంది. పైగా రక్తంలోని మొత్తం సగం కథే. బంధక ప్రోటీన్లు ఎంత హార్మోనును పట్టి ఉంచుతున్నాయి, కణాల్లోని గ్రాహకాలు ఎన్ని అన్నవి తెలియకుండా ఒక్క సంఖ్యతో తీర్పు చెప్పడం తొందరపాటు. మక్‌డూగల్-షాకిల్టన్, బోనియర్, రొమేరో, మూర్ 2019లో రాసిన వ్యాసం గ్లూకోకార్టికాయిడ్లు, ఒత్తిడి పర్యాయపదాలు కావని శీర్షికలోనే ప్రకటించవలసి వచ్చిందంటే, అపార్థం నిపుణుల్లోనే ఎంత లోతుగా పాతుకుందో అర్థమవుతుంది.

5. ఉత్తరదేశపు నమూనా, మన గిజిగాడు

ఈ రంగంపై మరో విమర్శ అవసరం. పై భావనల్లో చాలా భాగం ఉత్తర అమెరికా, ఐరోపాల సమశీతోష్ణ, ఆర్కిటిక్ ప్రాంతాల పక్షుల మీద నిర్మితమయ్యాయి. అక్కడ ఋతువంటే పగటి నిడివి. మన ప్రాంతంలో తాటి, ఈత, తుమ్మ చెట్లకు గూళ్లు వేలాడదీసే గిజిగాడికి ఋతువంటే ప్రధానంగా వాన. అల్లడానికి పచ్చి గడ్డిపోచలు, పిల్లలకు పురుగులు అప్పుడే సమృద్ధిగా దొరుకుతాయి. జె.పి. థప్లియాల్, ఆర్.ఎన్. సక్సేనా 1964లో ప్రచురించిన పరిశోధనలో ఈ పక్షిలో స్పందనరహిత దశ కనబడలేదు. వైట్ క్రౌన్డ్ స్పారోలో దీనికి భిన్నంగా, పగళ్లు ఇంకా దీర్ఘంగా ఉండగానే వృషణాలు కుంచించుకుపోతాయి. వానను నమ్ముకున్న పక్షి తలుపు పూర్తిగా మూసుకోకపోవడం సహజమే.

సంసారపద్ధతి కూడా వేరు. మగ గిజిగాడు సగం అల్లిన గూటిని ఆడపక్షి పరిశీలించి మెచ్చితేనే జత కుదురుతుందనీ, ఆపై మగపక్షి మరో గూడు మొదలుపెడుతుందనీ సలీం అలీ 1930ల ఆరంభంలోనే వివరించారు. పిల్లల పెంపకంలో మగపక్షి వాటా తక్కువగా ఉండే ఇలాంటి జాతిలో టెస్టోస్టెరాన్ ఎక్కువకాలం హెచ్చుగా ఉండాలని సవాలు పరికల్పన ఊహిస్తుంది. ఆ ఊహను వాననే ఋతువుగా ఎంచుకున్న పక్షిలో పరీక్షించడం ఉత్తరదేశపు నమూనాకు నిజమైన గీటురాయి. జాషువ ఖండిక ద్వారా తెలుగు పాఠకుడి మనసులో చోటు సంపాదించిన ఈ పక్షి మన విశ్వవిద్యాలయాల పరిశోధకులకు దగ్గరలోనే, పొలం గట్లమీదనే దొరుకుతుంది.

6. తెలుగు పారిభాషికం: ఒక ప్రతిపాదన

ఇంగ్లీషులో ‘స్ట్రెస్’ అనే ఒక్క మాట కారణాన్నీ, స్పందననూ, ఫలితాన్నీ సూచిస్తూ గందరగోళం సృష్టించింది. తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆ మాటకు ‘ప్రతిబలం’ అని వాడుతున్నాయి; బయటిబలానికి వస్తువులోపల పుట్టే ఎదురుబలం అన్న అర్థం అందులో స్పష్టం. జీవశాస్త్రంలో మాత్రం మనం ‘ఒత్తిడి’ని తీసుకున్నాం. ఉద్యోగం, పరీక్షలు, కుటుంబభారం గురించి చెప్పుకొనేటప్పుడు వాడే మాట అది. దాన్ని పక్షి రక్తానికి తగిలించగానే, మనిషి మనోవేదన పక్షికి బదిలీ అవుతుంది.

కొత్త సంస్కృత సమాసాలు సృష్టించనక్కరలేదు. తుఫాను, వేటజంతువు, ఆకలి వంటి బయటి కారణాలను ‘ఒత్తిడి కారకాలు’ అనీ, శరీరం చేసేదాన్ని ‘ప్రతిస్పందన’ అనీ, హార్మోనును దాని రసాయననామంతో ‘కార్టికోస్టెరాన్’ అనీ వేరుచేసి రాస్తే చాలు. బాధ, హాని, క్షీణత అనే మాటలు వాడాలంటే శరీరబరువు, మనుగడ, ఎగిరిపోయిన పిల్లల సంఖ్య వంటి విడి ఆధారాలు చూపాలి. హార్మోను పేరే ఆధారం కాకూడదు.

7. ముగింపు

సవాలు పరికల్పన, అత్యవసర జీవనదశ రెండూ హార్మోనును ఒక గుణానికి కట్టివేయకుండా, ఋతువు, చోటు, పొరుగు, పిల్లలు అనే సంబంధాల్లో ఉంచి చదవమని నేర్పాయి. వాటి తప్పులు కూడా క్షేత్రంలోనే దిద్దబడ్డాయి. నెదర్లాండ్స్‌లోని గ్రేట్ టిట్ పక్షుల పిల్లలకు మేత కావలసిన వేళకూ గొంగళిపురుగుల సమృద్ధికీ పొంతన తప్పుతోందని 1998లోనే మార్సెల్ విసర్, సహపరిశోధకులు చూపారు. వేడెక్కుతున్న భూమిమీద ఏ పక్షి సర్దుకోగలదు, ఏది సర్దుకోలేదు అన్న ప్రశ్నకు హార్మోన్లు కొంత సమాధానం చెప్పగలవు. సర్దుకొనే ప్రయత్నంలో ఉన్న పక్షిని బాధితురాలిగా, స్పందించలేని పక్షిని సుఖజీవిగా పొరబడితే రక్షణ అక్కరలేని చోటికి వెళుతుంది. పేరు సరిచేసుకోవడం ఆ పొరపాటును తప్పించుకొనే మొదటి మెట్టు.