నడుముకు కట్టుకున్న మగ్గం

గ్వాటెమాలా చూసొచ్చినవాళ్ల ఫోన్లలో మూడు ఫొటోలు తప్పకుండా ఉంటాయి. ఆంటిగ్వాలో పసుపు రంగు కమాను, దాని వెనకాల అగ్నిపర్వతం. చిచికాస్తెనాంగో సంతలో చర్చి మెట్ల మీద పూలమ్ముకునే ఆడవాళ్లు. టికాల్ అడవిలో చిటారు కొమ్మల్ని దాటుకుని పైకొచ్చిన గుడి శిఖరం. మూడూ చూడవలసినవే, కాదనను. కానీ ఆ దేశంలో పనితనానికి అగ్రతాంబూలం ఇమ్మంటే మాత్రం నేను ఆ పూలమ్మి తొడుక్కున్న విపీల్‌కే ఇస్తాను.

విపీల్ అంటే అక్కడి మూలవాసులైన మాయా స్త్రీల పైవస్త్రం. విడివిడిగా నేసిన రెండు మూడు పట్టీలను అంచులు కలిపి కుట్టి, తల దూర్చుకోవడానికి మధ్యలో మెడ వదులుతారు. కొలతల గొడవ లేదు. మెడ దగ్గర తప్ప కత్తెర పడదు. దాని కింద కోర్తే అనే చుట్టుపావడా, నడుముకు బిగించిన పట్టీ. ఊరు మారితే నేత మారుతుంది. చిచికాస్తెనాంగో విపీల్‌కి మెడ చుట్టూ సూర్యకిరణాలు, ఎదురు రొమ్మున రెండు తలల గద్ద. శాన్ మాతెయో ఇష్టతాన్‌లో మెడ చుట్టూ వలయాలు వలయాలుగా కుట్టిన నక్షత్రాలు. అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాంతియాగోలో పిట్టలు. ఆ సాంతియాగో స్త్రీలే మీటర్ల పొడవున్న సన్నటి నేత పట్టీని తల చుట్టూ చుట్టి చక్రంలా పెట్టుకుంటారు. అలా చుట్టుకున్న ఒకావిడ బొమ్మే దేశపు 25 సెంతావోల నాణెం మీద ఉంది. ప్రభుత్వం ఆమెకిచ్చిన గౌరవం విలువ వాళ్ల రూపాయి అయిన కేత్సాల్‌లో పావు వంతు అని నాలాంటివాళ్లు ఎత్తిపొడవడానికి అది బాగా పనికొస్తుంది.

ఇక మగ్గం సంగతి. మన నేతగాళ్ల గుంటమగ్గం చూసిన కళ్లకు అది మగ్గమే కాదనిపిస్తుంది. నేల మీద పెడితే అరడజనో డజనో కర్రలు, కొంత దారం, ఒక తోలు పట్టీ. చుట్టేస్తే చంకలో పడుతుంది. ఒక చివరను చెట్టుకో ఇంటి గుంజకో కడతారు. రెండో చివరను నేతగత్తె నడుము వెనక నుంచి వచ్చే పట్టీకి తగిలిస్తారు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె కాస్త వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. ఏ పోగుకు ఎంత బిగువు కావాలో నిర్ణయించేది ఆమె నడుమే. వేరే యంత్రం లేదు.

నేతకు ముందే సగం పని ఉంది. మేకులు దిగ్గొట్టిన పలక మీద ఆసు పోస్తారు. పోగులు ఒకదాన్నొకటి దాటుకుంటూ ఎనిమిది అంకె ఆకారంలో నడుస్తాయి. ఆ దాటు చెదిరితే మగ్గమెక్కాక ఇక ఏం చేసినా బాగుపడదు. తర్వాత మొక్కజొన్న గంజి. మనం నూలుకు బియ్యపు గంజి పట్టిస్తే వాళ్లు తమ తిండి గింజనే వాడుకున్నారు. బేసి పోగుల్ని ఒక కర్ర ఎత్తి పడుతుంది. సరి పోగుల్ని దారపు ఉచ్చులున్న ఇంకో కర్ర లేపుతుంది. సందు తెరుచుకోగానే పేక దూర్చి, నున్నటి గట్టి చెక్క కత్తితో కొడతారు. ఆ చప్పుడు అలవాటైన చెవి వీధిలో నడుస్తూనే ఏ ఇంట్లో నేత సాగుతోందో చెప్పేస్తుంది.

నన్ను కట్టిపడేసింది ఇక్కడి నాలుగు అంచుల పద్ధతి. మన మగ్గం మీద గుడ్డకు రెండు వైపులే అంచు. మిగతా రెండు వైపులా కోసి తీయాల్సిందే. వీళ్ల గుడ్డకు నాలుగు వైపులా అంచే. ముందు ఒక చివర నాలుగు వేళ్ల మేర నేస్తారు. మగ్గాన్ని తలకిందులు చేసి రెండో చివర నుంచి మళ్లీ మొదలుపెట్టి, మొదటి నేత దగ్గరికి వస్తారు. దగ్గరపడే కొద్దీ పడుగు తెరుచుకోదు. చెక్క కత్తి తీసేసి సన్న పుల్ల పెడతారు, అదీ దూరకపోతే ఇంకా సన్నది, చివరికి సూది. శాన్ ఆంటోనియో అగ్వాస్ కాలియెంతెస్‌లో ఒక పెద్దావిడ ఆ ఆఖరి వేలెడు జాగాను పూర్తి చేస్తుండగా పక్కన కూర్చుని చూశాను. ఒక్కో పోగును సూది మొనతో ఎత్తి, పేక దూర్చి, గోటితో జరుపుతోంది. మధ్యలో మనవడు వచ్చి కాళ్లు చుట్టుకుంటే వాణ్ణి ఒక చేత్తో పక్కకు తోసిందే గాని, నడుము కదలనివ్వలేదు. పూర్తయ్యాక ఆ చోట వేలితో రాస్తే నేత తక్కిన గుడ్డ కన్నా కొద్దిగా వదులుగా తగిలింది. అసలు సిసలు నడుము మగ్గం గుడ్డకు అదే వేలిముద్ర.

అలంకారమంతా అదనపు పేకతో వస్తుంది. ప్రతి రెండు నేత పేకల మధ్యా రంగు నూలును వేళ్లతో, పడుగు పోగుల్ని లెక్కపెట్టి దూరుస్తారు. ఎదురుగా గ్రాఫు కాగితం ఉండదు. మన ఉప్పాడ జాందానీ తెలిసినవారికి ఈ పని పాత చుట్టమే. ఉప్పాడ చీర వెనక్కి తిప్పితే వేలాడే దారాలు కనిపించవని మనం మురిసిపోతామే, శాన్ ఆంటోనియో స్త్రీలు మర్కదోర్ అనే పనిలో సరిగ్గా అదే సాధిస్తారు. పూలు, పిట్టలు, పళ్ల గంపలు, ఏ వైపు చూసినా బొమ్మ ఒకటే. యూరప్ నుంచి వచ్చిన క్రాస్ స్టిచ్ బొమ్మల పుస్తకాలు చూసి ఈ నమూనాలు పట్టారు. కుట్టుపని బొమ్మను మగ్గం మీదికి ఎక్కించి, పైగా రెండు ముఖాలూ సమంగా రప్పించడం ఎంతటి సాహసమో నూలు పట్టుకున్నవారికే తెలుస్తుంది. అప్పు తెచ్చుకున్న బొమ్మ అని చప్పరించే పండితులు ఒక్కసారి ఆ గుడ్డను తిరగేసి చూడాలి.

అయితే మర్కదోర్ కన్నా నాకు ఇష్టమైనది ఇంకొకటుంది. ఉత్తరాన కొబాన్ చుట్టుపక్కల కెక్చి అనే మాయా తెగ స్త్రీలు నేసే పిక్‌బిల్. తెల్లటి పలచని నేత మీద తెల్ల దారంతోనే బొమ్మలు. బల్ల మీద పరిస్తే ఏమీ లేదనిపిస్తుంది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే నక్షత్రాలు, చెట్లు, జంతువులు తేలతాయి. రంగుతో కప్పిపుచ్చుకునే వీలే లేదు, ఒక్క పోగు తప్పినా బయటపడుతుంది. నెబాహ్, చహూల్ ఊళ్ల విపీళ్ల మీద గుర్రాలు, పిట్టలు, మనుషులు కిక్కిరిసి ఉంటాయి, వాటి అభిమానులు నా మాట ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర్లేదు.

చరిత్ర ఎంత పాతదంటే, చంద్రదేవత ఇష్‌చెల్ స్త్రీలకు నేత నేర్పిందని వాళ్లంటారు. గట్టి సాక్ష్యం కావాలంటే హైనా దీవిలో దొరికిన ప్రాచీన మాయా మట్టిబొమ్మలున్నాయి. చెట్టుకు కట్టిన నడుము మగ్గం ముందు కూర్చున్న నేతగత్తె బొమ్మ వాటిలో ఒకటి. అడవి తేమలో ఆనాటి గుడ్డలు మిగల్లేదు. మిగిలింది వాటిని చెక్కిన రాయి. ఉసుమసింటా నది ఒడ్డున యాష్చిలాన్‌లో ఒక ద్వారబంధపు పైరాయి మీద రాణి కబాల్ షోక్ మోకరిల్లి నాలుక గుండా ముళ్ల తాడు లాగుతూ ఉంటుంది. ఆ శిల్పం చెప్పే తంతు జరిగింది 709లో. రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చూసేవాళ్లంతా రక్తం గురించి మాట్లాడుకుంటారు. నేను చూసేది ఆమె విపీల్‌ను. శిల్పి ఆ వజ్రాకారపు నేతను, అంచు కుచ్చులతో సహా, గడి గడి చొప్పున చెక్కాడు. అలాంటి వజ్రాల వరసలు నేటికీ కొండ ఊళ్ల మగ్గాల మీద ఉన్నాయి. మనుషుల్ని ఊరూరికీ గుర్తుపట్టడానికి స్పానిష్ దొరలే ఈ వేషాలు పెట్టారని ఒక మాట ప్రచారంలో ఉంది. ఊరికో నేత స్థిరపడటంలో వాళ్ల చెయ్యి కొంత ఉంటే ఉండవచ్చు. నేత మాత్రం వాళ్లది కాదు. స్పానిష్ సేనాని పేద్రో దె అల్వరాదో సేనతో అక్కడ అడుగుపెట్టింది 1524లో, రాణిగారు విపీల్ తొడుక్కున్న ఎనిమిది వందల ఏళ్లకు!

స్పానిష్‌వాళ్లు నిజంగా తెచ్చింది కాలిమగ్గం. దాన్ని ఎక్కువగా మగవాళ్లు పట్టుకున్నారు. తోతోనికపాన్, సల్కహా ఊళ్లలో కోర్తే గుడ్డ దాని మీదే తయారవుతుంది. నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచి, విప్పి నేసే హాస్పే అక్కడి ప్రత్యేకత. ఇది పోచంపల్లివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు, మన చిటికి పనే. సల్కహా వీధుల్లో గోడల వెంట బారులు తీసి ఆరబెట్టిన రంగు నూలు చూస్తే భూదాన్ పోచంపల్లిలో ఉన్నామనే అనిపిస్తుంది. మంచి పనే. అయినా నా ఓటు నడుముకే.

ఇప్పుడు కడుపు మండే సంగతులకు వద్దాం. ఆంటిగ్వా అందమైన ఊరు. 1543 నుంచి రాజధాని, 1773 భూకంపంలో కూలింది, రాజధాని తరలిపోయాక శిథిలాలతో సహా అలాగే నిలిచింది. యునెస్కో 1979లో ఆంటిగ్వానూ టికాల్‌నూ ఒకే ఏడాది వారసత్వ జాబితాలో పెట్టింది. రాళ్లు పరచిన ఆ వీధుల్లోనే అద్దాల షాపుల నిండా హ్యాండ్‌బ్యాగులు, బూట్లు, ల్యాప్‌టాప్ సంచులు. అన్నీ పాత విపీళ్లను కోసి కుట్టినవి. నెలల తరబడి నేసిన నాలుగంచుల గుడ్డ, కత్తెర తగలకూడదనే పుట్టిన గుడ్డ. దాన్ని మధ్యకు చీల్చి జిప్పు తగిలించి, ఇబ్బందుల్లో ఉన్న ఇంటి నుంచి ఎంతకు కొన్నారో చెప్పకుండా, పాతదాన్ని తిరిగి వాడుతున్నామని గొప్పలు పోతారు. పెళ్లి పట్టుచీరను చింపి తలుపు పరదా కుట్టుకున్నవాణ్ణి మనం ఏమంటామో వాళ్లనూ అదే అనాలి.

చిచికాస్తెనాంగో సంత గురువారం, ఆదివారం. సాంతో తొమాస్ చర్చి పాత మాయా వేదిక మీద లేచింది. దాని పద్దెనిమిది మెట్లు మాయా సంవత్సరంలోని పద్దెనిమిది నెలలకు గుర్తని ఊళ్లో చెబుతారు. మెట్ల మీద సాంబ్రాణి లాంటి కోపాల్ పొగ. ఈ ఊళ్లోనే 1700 దాటిన తొలి ఏళ్లలో ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే పాదిరీ కిచే జాతి పురాణం పోపోల్ వూహ్‌ను చేతితో నకలు రాశాడు. ఆ నకలే లేకపోతే ఆ పురాణం మనకు దక్కేది కాదు. ఇంతటి ఊళ్లో ఇప్పుడు విపీల్ కొట్టు ముందు నిలబడితే కనబడేదేమిటి? సగానికి సగం అచ్చేసిన గుడ్డ. పాలియెస్టర్ మీద కంప్యూటర్ బొమ్మను వేడితో దింపుతారు. ముందు వైపు రెండు తలల గద్ద, వెనక్కి తిప్పితే బోసి తెలుపు. దాని పక్కన మెషీన్ ఎంబ్రాయిడరీ. అసలు ధరలో పదో వంతుకే వస్తున్నాయి కాబట్టి, నెలలు కూర్చుని నేసుకోలేని మాయా స్త్రీలే వాటిని కొని తొడుక్కుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. కూలికి పోవాలి, పిల్లల్ని బడికి పంపాలి. తప్పుపట్టాల్సింది అచ్చేసేవాణ్ణి. ఇకత్ ప్రింటు చుడీదార్లతో పోచంపల్లి మగ్గాల కడుపు కొడుతున్నదీ ఈ కులంవాడే.

ఆ స్త్రీలు ఈ బట్టను నిలుపుకోవడానికి చెల్లించింది తక్కువేం కాదు. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో చనిపోయినవారు, మాయమైనవారు కలిసి 2 లక్షలకు పైమాటే. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలని నిజ నిర్ధారణ కమిషన్ తేల్చింది. విపీల్ చూస్తే ఏ ఊరో తెలిసిపోతుంది, ఊరు తెలిస్తే ప్రాణం పోతుంది. అందుకని ఎందరో దాన్ని విప్పి దాచి, మరో ఊరి బట్టో, మామూలు గౌనో తొడుక్కుని బతికి బయటపడ్డారు. 1992లో మాయా స్త్రీ రిగోబెర్తా మెంచూ నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి ఓస్లో వేదిక ఎక్కినప్పుడు ఆ నేతబట్టలతోనే ఎక్కింది. ఆవిడ ఉపన్యాసం కన్నా ముందు మాట్లాడింది ఆ బట్టే అనిపిస్తుంది నాకు.

2016లో నేతగత్తెలు అఫెదెస్ అనే మహిళా సంఘం తరఫున రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. ముందు నిలిచి మాట్లాడింది కక్చికెల్ అనే మాయా తెగ నేతగత్తె ఆంహెలినా అస్పువాక్. వాళ్లు అడిగింది వ్యక్తికి పేటెంటు కాదు. ఊరి నేత ఊరి ఉమ్మడి సొత్తని చట్టం ఒప్పుకోవాలని, దాన్ని అమ్ముకునే కంపెనీ ఊరికి లెక్క చెప్పాలని. మరుసటేడు న్యాయస్థానం చట్టసభకు చట్టం చేయమని సూచించింది. మన పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఉప్పాడకు 2009లో. వాటితో నకిలీ ఆగిందా అంటే ఆగలేదు. కానీ ఫలానాది మాది అని చెప్పుకోవడానికి చేతిలో ఓ కాగితమన్నా ఉంది. ఆ తల్లులు ఆ కాగితం కోసమే కోర్టు మెట్లెక్కారు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఇటీవల సెలవులకు అటు వెళ్తున్నారు, హ్యూస్టన్ నుంచి మూడు గంటల విమానం. వెళ్లేవారికి నా విన్నపం. విపీల్ చేతికి తీసుకోగానే తిరగేయండి. అదనపు పేక వెనక వైపు ఏదో రకంగా కనబడాలి. తెల్లగా బోసిపోయి ఉంటే అక్కడే పెట్టేయండి. అంచులు నాలుగు వైపులా తడమండి. పట్టీలు కలిపిన కుట్టు చూడండి, మంచి పనిలో ఆ కుట్టే వేరే రంగు పట్టుదారంతో ఓ చిన్న నగలా ఉంటుంది. ఎవరు నేశారని అడగండి. నేసినావిడే అమ్ముతుంటే ఎన్నాళ్లు పట్టిందో కూడా అడగండి. చెప్పిన ధరను ఆ నెలలతో భాగించి చూసుకుని, ఆ తర్వాత కూడా బేరమాడాలనిపిస్తే మీ ఇష్టం. పిక్‌బిల్ కావాలంటే చిచికాస్తెనాంగోలో వెతకొద్దు, కొబాన్ దాకా వెళ్లండి. రాజధానిలో ఇష్‌చెల్ వస్త్ర మ్యూజియంలో ఒక పూట గడిపి వెళ్తే, కొనేటప్పుడు కళ్లు మోసపోవు.