గ్యాస్ కొట్టడమా, పని చెయ్యడమా

కారు ఏసీ చల్లదనం తగ్గిందంటే చాలు, మా గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా ఒకటే వైద్యం చెబుతారు: "గ్యాస్ కొట్టించెయ్యండి." రాజమండ్రిలో మోరంపూడి వైపు నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన మాత్రం, "గ్యాస్ కొట్టేయమంటారాండి, పని చెయ్యమంటారా?" అని అడుగుతాడు. జవాబు చెప్పేదాకా బానెట్ ఎత్తడు.

ఈ ఎండల్లో మా మావయ్య అంబాసిడర్ ఆయన షెడ్డుకి చేరింది. కొత్తపేట చుట్టుపక్కల పెళ్లికొడుకుల్ని మోసిన బండి. డాష్‌బోర్డు కింద ఎప్పుడో బయట బిగించిన ఏసీ, ఆర్-12 గ్యాస్ కాలం నాటిది. ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం కట్టడి చేసిన గ్యాస్ అది. మన దేశం ఆ ఒప్పందంలో 1992లో చేరింది. ఇప్పుడు షెడ్లలో దొరికేది ఆర్-134ఏ. "అదే కొట్టెయ్యవయ్యా, ఏదైతేనేం" అన్నాడు మావయ్య.

"ఆయ్, కొట్టొచ్చండి. కంప్రెసర్ పోతుందండి."

చిక్కు ఆయిల్‌తో. ఆర్-12 వెంట తిరిగే మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌లో కరగదు. కూలింగ్ కాయిల్‌లో పేరుకుపోతుంది, కంప్రెసర్ పొడిగా తిరిగి బిగుసుకుంటుంది. అందుకే పాత ఆయిల్ వంపి, పైపులు కడిగి, ఈస్టర్ ఆయిల్ పోశాడు. అడుగూ బొడుగూ పాతది మిగిలినా అది సర్దుకుంటుంది. ఓరింగులన్నీ మారాయి. పాత రబ్బరు పైపుల్లోంచి కొత్త గ్యాస్ మెల్లగా ఊరిపోతుంది కాబట్టి పైపులూ మారాయి. తేమ పీల్చే డ్రయర్ కొత్తది వేశాడు, అదీ ఆఖరున, మూతలు తీసిన వెంటనే. గోదావరి గాలికి తెరిచిపెట్టిన డ్రయర్ అరగంటలో పనికిరాకుండా పోతుందని ఆయన వాదన. కాస్త ఎక్కువ చెప్పాడనుకున్నా, మాట మాత్రం అబద్ధం కాదు.

ఎందుకంటే ఇక్కడ అసలు శత్రువు ఎండ కాదు, తేమ. పైపుల్లో నాలుగు చుక్కల నీళ్లున్నా ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర గడ్డకడతాయి. పది నిమిషాలు చల్లగా వచ్చి, ఆగిపోయి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ చల్లబడే ఏసీని మీరూ చూసే ఉంటారు. ఆ లోపం గ్యాస్ కొడితే పోదు. వాక్యూమ్ పెట్టాలి. లోపలి పీడనం బయటి గాలిలో పాతికో వంతుకు దిగితే, 30 డిగ్రీల దగ్గరే నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. పంపు ఆ ఆవిరిని లాగేస్తుంది. పంపు ఆపాక నీలం గేజీ ముల్లు చాలాసేపు కదలకుండా నిలబడాలి. మా బండిది వెంట్రుకవాసి వెనక్కి జారింది. ఒక జాయింటు మళ్లీ విప్పాడు. డబ్బులిచ్చేది ఈ ముల్లు చూసినందుకే అని నా లెక్క. డబ్బా తిప్పి గ్యాస్ వదలడం ఎవరికైనా వస్తుంది.

ఆ వదలడంలోనూ ఒక మెలిక ఉంది. డ్రయర్ మీది గాజుబిళ్లలో బుడగలు పోయేదాకా ఎక్కించడం పాత అలవాటు. ఆర్-134ఏకి ఆ లెక్క పనికిరాదు, ఎక్కువైపోతుంది. పాత బరువులో 80 నుంచి 90 శాతం చాలు, కాటా మీద తూచి పొయ్యాలి. 60 డిగ్రీల దగ్గర దీని ఒత్తిడి ఆర్-12 కంటే పదోవంతు ఎక్కువ. రైల్వే గేటు దగ్గర మేనెలలో బండి ఆగిందంటే పాత కండెన్సర్ చేతులెత్తేస్తుంది. అందుకని దాని ముందు ఇంకో ఫ్యాను బిగించాడు.

చవగ్గా వస్తుందని వంటగ్యాస్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. చల్లబడుతుంది, నిజమే. కూలింగ్ కాయిల్ ఉండేది మన మోకాళ్ల దగ్గరనీ, అది లీకైతే మండే గ్యాస్ కారులోకే వస్తుందనీ వాళ్లకెవరూ చెప్పరు.

ఆర్-134ఏ ఓజోన్‌ను ముట్టదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. 2016 కిగాలీ సవరణ ప్రకారం ఇలాంటి గ్యాస్‌లను మన దేశం 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. అంబాసిడర్ అప్పటికీ తిరుగుతుందని మావయ్య పంతం. అందుకే ఏ గ్యాస్, ఏ ఆయిల్, ఎన్ని గ్రాములు, ఏ తేదీ అని చీటీ రాయించి బానెట్ లోపల అతికించాం. ఈసారి విప్పేవాడు వేరే మెకానిక్ కావచ్చు, వాడు ముందు పోసేది ఆయిలే.