అట్ట గద, అరువు గొంతు

బడి వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం పోటీ ఉందంటే తెర వెనక గదలు వరసగా ఆనించి ఉంటాయి. కాటుకతో దిద్దిన మీసాలు, బంగారు కాగితం అంటించిన కిరీటాలు, అమ్మల పట్టుచీరలు మడిచి వేసుకున్న ఉత్తరీయాలు. అల్లూరి సీతారామరాజు ఒకరో ఇద్దరో వస్తారు. మిగతా అందరూ సుయోధనులే. కర్ణుడి కులమడిగిన పెద్దలను నిలదీసే ఆ ఘట్టం మొదలయ్యిందంటే హాల్లో తాతల నుంచి ఆయాల దాకా అందరి పెదాలూ కదులుతాయి.

ఇలాంటి పోటీలకు జడ్జిగా వెళ్లడం నాకు చాన్నాళ్ల అలవాటు. నేను ముందు చూసేది మీసం కాదు, ఊపిరి. పొడవాటి సమాసం మధ్యలో ఊపిరి తెగితే అర్థం రెండు ముక్కలవుతుంది. ఎక్కడ గాలి పీల్చుకోవాలి, ఏ అక్షరం మీద బరువు వెయ్యాలి, గద ఒక భుజం మీంచి ఇంకో భుజానికి ఏ మాట దగ్గర మారాలి అన్నవి తెలిస్తేనే ఆ సంభాషణ నోటికి లొంగుతుంది. తెలుగు వాచకం తడబడుతూ చదివే పిల్లలు కూడా దీన్ని గడగడా అప్పజెప్పడం చూసి మాస్టార్లు ముక్కున వేలేసుకుంటారు.

ఆ ఘట్టం ‘దానవీరశూరకర్ణ’లోది. 1977 సంక్రాంతికి విడుదలైంది. దర్శకత్వం వహించిన ఎన్టీఆరే కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ కట్టారు. మాటలు కొండవీటి వెంకటకవివి. పేరు కర్ణుడిదైనా జనం ఇంటికి తీసుకెళ్లింది సుయోధనుణ్ణి. శూరుల పుట్టుక, నదుల పుట్టుక ఆరా తియ్యకూడదని భారతంలోనూ దుర్యోధనుడు వాదిస్తాడు. సినిమా ఆ వాదాన్ని కులప్రశ్నగా పెంచింది. కులం అడక్కుండా పెళ్లి చెయ్యని, ఇల్లు అద్దెకివ్వని సమాజం ముందు ఆ ప్రశ్నను ప్రతినాయకుడి చేత వేయించడం సామాన్యమైన ఎత్తుగడ కాదు. చప్పట్లు ఒక్క గొంతుకే పడ్డాయనుకుంటే పొరపాటు.

తర్వాత ఆ మాటలు తెరను వదిలేశాయి. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు విని, పెళ్లి పందిళ్లలో మైకుసెట్టు మీద మోగే క్యాసెట్లు విని ఒక తరం వాటిని బట్టీపట్టింది. టీవీలో చూసి ఇంకో తరం నేర్చుకుంది. ఇప్పటి పిల్లలకు ఫోనే గురువు. అరక్షణం విరామం దగ్గర కనుబొమ ఎంత లేవాలో కూడా ఆపి, వెనక్కి తిప్పి చూసుకుంటున్నారు.

నాకు గుచ్చుకునేది ఇక్కడే. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరా ఆడిన రోజుల్లో ఏ ఊరి దుర్యోధనుడు ఆ ఊరివాడే. ఒకడు రాగం మీద నెగ్గేవాడు, ఒకడు నడక మీద. సినిమాల్లో సైతం ‘నర్తనశాల’లో ధూళిపాళ, ‘పాండవ వనవాసం’లో ఎస్వీ రంగారావు ఎవరి దుర్యోధనుణ్ణి వాళ్లు చూపించారు. ఎన్టీఆర్ విరుపుల్లో ఉన్నదీ ఆ నాటకాల వాసనే. రంగస్థలం దగ్గర అప్పు తెచ్చుకున్నదాన్ని సినిమా వడ్డీతో తీర్చింది, కానీ ఇకమీదట ఇలాగే ఆడాలని పత్రం రాయించుకుంది.

అనుకరించడం తప్పంటే ఏ కళా మిగలదు. మన భాగవతుల పిల్లలు గురువుని చూసే నేర్చుకున్నారు. కాకపోతే ఊరికో గురువు ఉండేవాడు. అందరికీ ఒక్కడే గురువైనప్పుడు పిల్లవాడు నేర్చుకునేది పాత్రను కాదు, నటుణ్ణి.

అందుకే ప్రదర్శన అయ్యాక పిల్లల్ని ఒక మాట అడుగుతాను. ‘‘ఎవరి మీద కోపం నీకు? ఎందుకు?’’ చాలామంది తెల్లమొహం వేస్తారు. మొన్నటి పోటీలో ఒక పాప మాత్రం, ‘‘కర్ణుణ్ణి ఆటలోకి రానివ్వలేదు కదండీ’’ అంది. అయితే ఆ కోపంతోనే ఇంకోసారి చెప్పమన్నాను. తల ఎగరెయ్యడం పోయింది, గొంతు తగ్గింది, ప్రశ్న మాత్రం సూటిగా వచ్చి తగిలింది. మొదటి బహుమతి ఆ పాపకే ఇచ్చాను.

‘‘రామారావు గారిలా లేదు కదండీ!’’ అన్నాడు ముందు వరసలో పెద్దాయన.

లేదు. ఇచ్చింది అందుకే.