మద్దెల తట్టి చూశారా?

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు” – ఈ మాట ఒక్కసారైనా పడని ఇల్లాలు ఉంటుందా చెప్పండి. దోసె అంటుకుపోయి, “పెనం బాగాలేదండీ” అన్నామా, అత్తగారో ఆయనగారో ఈ సామెత విసిరేస్తారు. ఇక నోరెత్తడానికి ఉండదు. సామెతతో ఉన్న సుఖమే అది. అన్నవారు రుజువు చూపించక్కర్లేదు.

మా అక్క కూతురు గిద్దలూరులో పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గర వాపోయింది.

“చూడు పిన్నీ, నాకు చేయి తిరిగిన ఎడిటరు వాడొద్దట. అందరూ కంపెనీ చెప్పిందే వాడాలట. పని ఆలస్యమవుతోందని చెబితే మా మేనేజరు ఏమన్నాడో తెలుసా? పని వచ్చినవాళ్ళకు ఏదైనా ఒకటేనట!”

నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇంగ్లీషులో అన్నా అది మన మద్దెలే కదా! సరే, ఇన్నాళ్ళూ మనల్ని విమర్శించిన ఈ సామెతను ఈ వారం మనమే విమర్శిద్దామనుకున్నాను.

ఎడిటరు అంటే పత్రిక సంపాదకులు కారు సుమండీ! ప్రోగ్రాములు రాసుకునే సాధనం, మనకు కత్తిపీట ఎలాగో వాళ్ళకు అదలాగ. వి.ఐ., ఈమాక్స్ అని పేరుపడ్డ ఎడిటర్లు రెండూ 1976 నాటివి. మొదటిది బర్క్‌లీలో చదువుకుంటున్న బిల్ జాయ్ రాసింది. రెండోది ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టింది. ఏది మేలన్న తగువు ఇప్పటికీ తెగలేదు. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్న తగువు తెగిందా? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. తమాషా ఏమిటంటే, ఏ ఎడిటరుతో రాసినా చివరికి మిగిలేవి అవే అక్షరాలు. పప్పు ఏ గుత్తితో మెదిపారో తిన్నవారు చెప్పగలరా?

ఇప్పుడు సామెత దగ్గరకు వద్దాం. అందులో ఆడే మనిషి ఉంది, మద్దెల ఉంది. ఆ మద్దెలను కొని తెచ్చినవారు మాత్రం కనిపించరు. తప్పంతా ఆడేవారి కాళ్ళదే అయిపోయింది. ఇక ‘ఓడు’ అన్న మాట చూడండి. ఓడు అంటే పగిలినది, ఓటిది. కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వేలితో తట్టి చూస్తాం. ఖంగుమంటే గట్టిది, లేకపోతే ఓటిది. సామెత చెప్పినవారు మద్దెలను తట్టకుండానే తీర్పు చెప్పేశారు. ఈ సామెతలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

తట్టి చూసినవారు లేకపోలేదు. 2015లో ఐ.బి.ఎం. కంపెనీ మ్యాక్ కంప్యూటరును కూడా కోరుకోవచ్చని తన ఉద్యోగులకు చెప్పింది. ఆ ఏడే ఆ కంపెనీ అధికారి ఫ్లెచర్ ప్రెవిన్ ఒక లెక్క చెప్పారు. మ్యాక్ వాడేవారిలో సాయం కోసం ఫోను చేసింది నూటికి 5 మంది, విండోసు వాళ్ళలో నూటికి 40 మంది. కోరి తెచ్చుకున్నదాని మీద మనసు మెత్తగా ఉంటుంది కాబట్టి ఈ లెక్కతోనే అంతా తేలిపోయిందనను. అడిగి, ఇచ్చి, లెక్క చూశారు. అది మెచ్చుకోవాలి.

యజమానుల చేతిలోనూ ఒక సామెత ఉంది: “సొమ్మొకడిది, సోకొకడిది”. దాన్ని తీసిపారెయ్యలేం. ఒకరు సగం చేసిన పని రేపు మరొకరు అందుకోవాలి. కంపెనీ గుట్టు బయటికి పోకూడదు. నలుగురు రాసినదాన్ని ఒకచోట చేర్చి, ఎవరు ఏది మార్చారో చెప్పే ‘గిట్’ లాంటివి (2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది) అందరికీ ఒకటే ఉండక తప్పదు. తాళం అందరికీ ఒకటే ఉండాలి, నిజమే. కానీ గజ్జెలు ఎవరి కాళ్ళకు సరిపోయేవి వారు కట్టుకోవాలి కదా!

చల్లటి గదుల్లో కూర్చునేవాళ్ళ ముచ్చట మనకెందుకంటారేమో. అయితే ఒక్కసారి మార్కాపురం రండి. ఒకప్పుడు ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దింది ఆ ఊరి పలకల మీదే. అలాంటి పలకలు చేసే చోట బడికి వెళ్ళాల్సిన పిల్లలే పనిచేశారు. 1988లో కేంద్రప్రభుత్వం బాలకార్మికుల కోసం జాతీయ పథకం మొదలుపెట్టినప్పుడు, ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి ధూళిని ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. సిలికోసిస్ అంటారు దాన్ని. నీళ్ళు పెట్టి కోస్తే ధూళి అణుగుతుంది. కానీ ఏ మిషను పెట్టాలో, నీళ్ళు పెట్టాలో వద్దో చెప్పే హక్కు కోసేవాడికి ఎక్కడుంది? పక్కన నిలబడి పలకలు అందుకునే పిల్ల దగ్గితే, మద్దెల ఓడని ఎవరితో చెప్పుకుంటుంది?

అందుకే ఇది సోకు సంగతి కాదంటాను. పనిముట్టు తగిలేది ఒంటికి. కీబోర్డు కుదరకపోతే మణికట్టు నొప్పి పుడుతుంది. రాతి ధూళికి ఊపిరే పోతుంది. మన మాటేమిటంటారా? రోజూ వంటచేసేది ఒకరు, గ్యాసు గట్టు ఎంత ఎత్తుండాలో మేస్త్రీకి చెప్పేది మరొకరు. ఇరవై ఏళ్ళు భుజాలు లాగినా, “నీకు పని వంగట్లేదు” అనిపించుకునేది మనం!

అలాగని సామెతను పారెయ్యమనను. పని తప్పించుకోవడానికి పెనాన్ని తిట్టేవాళ్ళూ ఉన్నారు, నాతో సహా. అందుకే అక్క కూతురికి ఒకటే చెప్పాను. “పోట్లాడకమ్మా. ఒక నెల వాళ్ళ ఎడిటరుతో, ఒక నెల నీదానితో పనిచేస్తానని అడుగు. రెండు నెలల పనీ పక్కపక్కన పెట్టి చూడమను. నీదే తప్పని తేలితే మారు మాట్లాడకుండా ఒప్పుకో.”

“ఒప్పుకోకపోతే?” అంది.

“మద్దెల తట్టి చూడ్డానికి భయమెందుకని అడుగు” అన్నాను.