చీకటిగా మిగలాల్సిన స్లైడు

మధురానగర్, యూసుఫ్‌గూడ దాటి జూబ్లీహిల్స్ ఎక్కితే సినిమావాళ్ల ఊరు. ఆ పక్కనే, బంజారాహిల్స్‌లో, ఒక సినిమా మనిషి దాతృత్వంతో నిలబడ్డ కంటి ఆసుపత్రి ఉంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దాన్ని ప్రారంభించారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కళ్లు పరీక్షించే కార్యక్రమాన్ని ఆ సంస్థ 1997లో జంటనగరాల్లో చేపట్టింది.

ఆ పిల్లల రెటీనాలో రక్తనాళాలు అంచుదాకా చేరకముందే వాళ్లు బయటి ప్రపంచంలోకి వచ్చేస్తారు. ఆగిన నాళాలు తర్వాత అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. సమయానికి కనిపెట్టకపోతే చూపు పోతుంది. ఎందుకిలా పెరుగుతాయో తెలుసుకోవడానికి పసిబిడ్డ కన్ను కోసి చూడలేం. ఇక్కడే చిట్టెలుక పిల్ల అవసరం పడింది. పుట్టేనాటికి దాని రెటీనాలో నాళాలు దాదాపు ఉండవు. మనిషికి కడుపులోనే జరిగే పెరుగుదల దానికి పుట్టాక, ఎనిమిది రోజుల్లో, నేత్రనాడి దగ్గర మొదలై అంచు చేరుతుంది. 1994లో వెలువడిన ఒక పద్ధతిలో ఏడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా ఎలుక పిల్లల్ని 75 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, తర్వాత మామూలు గాలిలోకి తెస్తారు. పదిహేడో రోజుకు వికృతపు నాళాల గుత్తులు బాగా కనిపిస్తాయి.

కనిపిస్తాయి అన్నానుగాని, ఉత్త కంటికి కాదు. నాళం లోపలి గోడకు పరుచుకున్న ఎండోథీలియల్ కణాలు ఒకే వరుస, పలుచన, పారదర్శకం. కణానికీ కణానికీ మధ్య అతుకుల దగ్గర సీడీ31 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీని ఎక్కువగా పెద్ద ఎలుక జాతిలో, అంటే ర్యాట్‌లో, తయారుచేస్తారు. దానిమీద రంగు మోసే రెండో యాంటీబాడీ వాలుతుంది. మొదటిది కూడా చిట్టెలుకదే అయితే, రెండోది ఆ కణజాలంలో సహజంగా ఉన్న యాంటీబాడీలన్నిటినీ పట్టుకుని అంతా వెలిగించేస్తుంది.

యాంటీబాడీకి వెలిగే రంగు తగిలించే ఆలోచన ఆల్బర్ట్ కూన్స్‌ది. 1941లో, హార్వర్డ్‌లో. కూన్స్ మొదట వాడిన రంగు నీలంగా వెలిగేది. కణజాలానికీ స్వతహాగా నీలపు వెలుగు ఉండటంతో ఏది ఏదో తేలక, ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కు మారాడు. ఈ పద్ధతి పుట్టుకలోనే ఉన్న ఆ చిక్కు నేటికీ పోలేదు.

పని నెమ్మదిగా సాగుతుంది. కన్నును పారాఫార్మాల్డిహైడ్‌లో గట్టిపరుస్తారు. ఎక్కువసేపు ఉంచితే ప్రొటీన్ ఆకారం కప్పబడి యాంటీబాడీకి చిక్కదు. రెటీనాను విడదీసి నాలుగు గాట్లు పెడితే నాలుగు రేకుల పువ్వులా స్లైడు మీద పరుచుకుంటుంది. సీరంతో అనవసరపు అంటుకునే చోట్లు మూసి, యాంటీబాడీలో రాత్రంతా 4 డిగ్రీల చలిలో ఉంచి, మళ్లీ మళ్లీ కడుగుతారు. కడగడంలో తొందరపడితే మిగిలిన రంగు అబద్ధం చెబుతుంది.

నా దృష్టిలో ఈ విద్య విలువంతా వెలిగే స్లైడులో కంటే, వెలగకూడని స్లైడులోనే ఉంది. మొదటి యాంటీబాడీ వేయకుండా రెండోది మాత్రమే వేసిన రెటీనా చీకటిగా మిగలాలి. మిగలకపోతే పక్క స్లైడులోని అందమైన ఆకుపచ్చ అల్లికను నమ్మలేం. సీడీ31 ప్లేట్‌లెట్ల మీద, కొన్ని తెల్లకణాల మీద కూడా ఉంటుంది. నాళాలు చూపడానికి వాడే ఐసోలెక్టిన్ బీ4 అనే మొక్క ప్రొటీన్ మైక్రోగ్లియా కణాలకూ అంటుకుంటుంది. కాబట్టి ఎండోథీలియల్ కణకేంద్రాలను చూపే ఈఆర్‌జీ వంటి మరో గుర్తును జోడించడం మంచిది.

ఇది పట్టింపు కోసం పట్టింపు కాదు. ఎలుక పిల్లలకు ఇచ్చి చూసే మందు పనిచేసిందో లేదో తేల్చేది నాళాలు లేని మేర ఎంత, గుత్తులు ఎంత అన్న కొలతే. ఎంత వెలిగితే నాళంగా లెక్కించాలో ఆ చీకటి స్లైడును బట్టే నిర్ణయించాలి. ఆ హద్దు గీత రెటీనాకో రకంగా జరిగితే పనికిరాని మందు పనిచేసినట్టు కనిపిస్తుంది, ప్రాణమిచ్చిన ఎలుక పిల్లలు వృథా అవుతాయి. అందుకే అన్ని స్లైడులకూ మైక్రోస్కోప్ అమరిక ఒక్కటే ఉండాలి, కొలిచే మనిషికి ఏ రెటీనా మందు పొందిందో తెలియకూడదు, చీకటి ఫొటోను కూడా వెలిగే ఫొటో పక్కనే అచ్చువేయాలి.