99 శాతం ఉన్నా బండి కదలదు

పత్తి కాంటా మీదికి వచ్చినప్పుడు బరువొక్కటే చూసి ఎవరూ ధర కట్టరు. తేమ మీటరు గుచ్చి చూస్తారు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. ఆపైన కోత పడుతుంది, 12 దాటితే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. నీళ్లు కూడా తూగుతాయి కదా! డేటాబేస్ కాష్ గురించి చెప్పే హిట్ రేషియో కూడా అట్లాంటి బరువే. అందులో నీళ్లెంతో ఆ అంకె చెప్పదు.

చిట్యాల దగ్గర, విజయవాడ హైవే పక్కన ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో కాంటా సాఫ్ట్‌వేర్‌కు ఆధారమైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను నేను చూసుకుంటాను. పత్తి సీజన్‌లో అక్కడ ట్రాక్టర్ల వరుస గేటు బయటికి పోతుంది. ప్రతి బండీ రెండుసార్లు కాంటా ఎక్కుతుంది, లోడుతో ఒకసారి, దించాక ఖాళీగా ఇంకోసారి. రైతు పాసుపుస్తకం, పాత తూకాలు తెర మీదికి వస్తేనే తక్‌పట్టీ చేతికి వస్తుంది. ఆ తెర ఆగితే రాత్రి ఇల్లు చేరాల్సిన మనిషి బండి మీదే కూర్చుంటాడు. అందుకే ఈ పనిని నేను కంప్యూటర్ పనిగా మాత్రమే చూడలేను.

"అన్నా, పొద్దున మంచిగనే ఉంటది. పొద్దుగూకితే చాలు, ఆ చక్రం తిరుగుడే తిరుగుడు" అన్నాడు కాంటా పిల్లగాడు. ఓనర్ ర్యామ్ కొనడానికి సిద్ధమయ్యాడు. లెక్క తీస్తే హిట్ రేషియో 99 దాటి ఉంది. అంటే అడిగిన పేజీల్లో నూటికి తొంభై తొమ్మిది మెమరీలోనే దొరుకుతున్నాయి. చాలామంది ఇక్కడితో కాష్ బాగుందని తేల్చి, తప్పు నెట్‌వర్క్ మీదకో మిషన్ మీదకో తోసేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. ఆరకిల్ నిపుణుడు కానర్ మెక్‌డొనాల్డ్ ఎంత హిట్ రేషియో కావాలంటే అంత తెప్పించే చిన్న ప్రోగ్రామే రాసి చూపించాడు. అవసరం లేని పేజీలను పదేపదే చదివితే చాలు, అంకె పెరుగుతుంది, పని మాత్రం ముందుకు సాగదు.

కాబట్టి చూడాల్సింది కాష్ లోపల ఎవరు కూర్చున్నారన్నది. పోస్ట్‌గ్రెస్‌లో అందుకు పీజీ_బఫర్‌కాష్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. పోస్ట్‌గ్రెస్ తన కాష్‌గా వాడే షేర్డ్ బఫర్స్‌లోని 8 కేబీ పేజీల్లో ఒక్కొక్కటి ఏ టేబుల్‌దో అది చూపిస్తుంది. పొద్దుగూకే వేళ ఆ జాబితా తీస్తే పైన రైతుల టేబుల్ లేదు, తూకాల టేబుల్ లేదు. ఒక టోస్ట్ టేబుల్ ఉంది. పెద్ద విలువలను ముక్కలు చేసి పోస్ట్‌గ్రెస్ దాచేది అక్కడే. ఎవరివా ముక్కలని వెతికితే కాంటా కెమెరా ఫొటోలు!

ఒక్కో తూకానికి ముందొకటి, వెనకొకటి, అంటే బండికి నాలుగు ఫొటోలు. ఆ రోజు వచ్చిన బండ్ల జాబితా చూపే తెర 'సెలెక్ట్ స్టార్' అని అన్నీ అడుగుతోంది, కొద్ది సెకన్లకోసారి తనంతట తానే రిఫ్రెష్ అవుతోంది. ఫొటో 200 కేబీ అనుకుంటే పాతిక పేజీలు పడుతుంది. 300 బైట్ల తూకం నమోదు ఒక పేజీలో పాతిక ఇముడుతుంది. అంటే ఒక్క ఫొటో కూర్చున్న చోట ఆరువందలకు పైగా తూకాలు పట్టేవి. నూటయాభై బండ్లు వస్తే ఫొటోలే 120 ఎంబీ. షేర్డ్ బఫర్స్ ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్ 128 ఎంబీ. పొద్దున బాగుండి సాయంత్రం ఎందుకు ఆగుతోందో ఇక వేరే చెప్పాలా?

పెద్ద టేబుల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివే క్వెరీ కాష్‌ను తుడిచిపెట్టకుండా పోస్ట్‌గ్రెస్ జాగ్రత్త పడుతుంది. షేర్డ్ బఫర్స్‌లో నాలుగో వంతు మించిన టేబుల్‌ను అట్లా చదివితే చిన్న రింగ్‌లోనే తిప్పుతుంది. కానీ ఫొటోల ముక్కలు ఇండెక్స్ దారిన వస్తాయి. ఆ దారికి రింగ్ లేదు. పైగా పేజీని తాకినప్పుడల్లా దాని వాడుక లెక్క ఒకటి పెరుగుతుంది, గరిష్ఠం 5. ఖాళీ కోసం వెతికే ముల్లు గడియారంలా చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటి తగ్గిస్తూ, సున్నా అయిన పేజీని బయటికి పంపుతుంది. 2005లో 8.1 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. రిఫ్రెష్ దెబ్బకు ఫొటోలన్నీ 5 దగ్గరే ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి పత్తి తెచ్చే రైతు పేజీ ఎప్పుడూ ముందు సున్నా అయ్యేది. అతని కోసం పాత హార్డ్ డిస్క్ తిరగాల్సి వచ్చేది.

1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు అయిదు నిమిషాల సూత్రం చెప్పారు. ఆనాటి ధరల ప్రకారం, అయిదు నిమిషాల్లో మళ్లీ అవసరపడే డేటాను మెమరీలో ఉంచుకోవడమే లాభమని లెక్క కట్టారు. ధరలు మారాయి, నిమిషాలూ మారాయి. ఆ ప్రశ్న మాత్రం నాకు ఇప్పటికీ పనికొస్తుంది: దీన్ని మళ్లీ ఎవరు, ఎంతసేపట్లో అడుగుతారు? కాంటా ఫొటోను తగాదా వస్తే తప్ప ఎవరూ చూడరు. జాబితా క్వెరీలోంచి ఫొటోల కాలమ్‌లు తీసేయించి, బండి నంబర్ మీద నొక్కితేనే వచ్చేట్టు మార్పించాను. సాయంత్రం తెర ఆగడం పోయింది. నెట్‌వర్క్ మీద ఫొటోల మోత తగ్గడం కూడా అందుకు కొంత కారణం. హిట్ రేషియో మాత్రం తగ్గింది! ఉత్తుత్తి హిట్లు పోయాయి కాబట్టి తగ్గాల్సిందే.

ర్యామ్ కొనలేదు. షేర్డ్ బఫర్స్‌ను మాత్రం కొంత పెంచాను. మొత్తం ర్యామ్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ చెప్పేది డేటాబేస్‌కే కేటాయించిన మిషన్‌కు. ఈ మిషన్‌లో కెమెరా సాఫ్ట్‌వేర్ కూడా నడుస్తుంది కనుక అంతదాకా పోలేదు. కరెంటు పోయి వస్తే కాష్ ఖాళీ అవుతుంది. అందుకని 11వ వెర్షన్ నుంచి ఉన్న ఆటోప్రీవార్మ్ పెట్టాను. కాష్‌లో ఏ పేజీలున్నాయో అది 300 సెకన్లకోసారి రాసిపెట్టుకుని, సర్వర్ లేచాక మళ్లీ తెచ్చి నింపుతుంది.

మిగిలింది లెక్కల గుమాస్తా తీసే సీజన్ రిపోర్టు. అదింకా నెమ్మదే. క్వెరీ ఎట్లా నడుస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌ను అనలైజ్, బఫర్స్‌తో నడిపి చూస్తే సార్టింగ్ మెమరీలో పట్టక డిస్క్ మీద తాత్కాలిక ఫైళ్లలోకి పొంగుతోంది. దానికి మందు కాష్‌లో లేదు, సార్టింగ్‌కు ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే వర్క్‌మెమ్‌లో ఉంది. దాని డిఫాల్ట్ 4 ఎంబీ. దీన్ని సర్వర్ మొత్తానికి పెంచకూడదు, ఎందుకంటే ప్రతి కనెక్షన్‌లో ప్రతి సార్టింగూ ఆ మేరకు విడిగా వాడుకోగలదు. ఆ రిపోర్టు నడిచే సెషన్‌కు మాత్రమే పెంచి చూస్తాను.